నచ్చిన పాట ఎఫ్ఎంలో ఎందుకు రాదు? ఆర్జేకీ ఇండిపెండెంట్ పాటకీ మధ్య ఏముంది

హైదరాబాద్‌లో సొంతంగా పాటలు చేసుకునే వాళ్ల దగ్గర తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఆర్జేకి పాట పంపాం, సూపర్‌గా ఉందన్నారు, కానీ రేడియోలో రాలేదు." ఆర్జేలను అడిగితే, "నాకు నచ్చింది నిజమే, వేయడం నా చేతుల్లో లేదు" అంటారు. రెండు వైపులా అబద్ధం లేదు. పాటను కనిపెట్టడం ఒక పని, దాన్ని గాలిలోకి వదలడం ఇంకో పని. మధ్యలో హక్కులు, సమయం, ఫైలు అని మూడు లెక్కలున్నాయి. మొదటిది లాయర్లు మాట్లాడతారు, రెండోది ప్రోగ్రామింగ్ వాళ్లు, మూడోది సౌండ్ ఇంజినీర్లు. మూడూ ఒకచోట పెట్టి చూస్తే తప్ప ముడి విడదు.

సినిమా పాట కాకపోతే ఇండిపెండెంట్ అయిపోతుందా?

మన దగ్గర సినిమాలో లేని పాటను చాలామంది ఇప్పటికీ "ప్రైవేట్ పాట" అనే అంటారు. బతుకమ్మ పాట, బోనాల పాట, ర్యాప్, కాలేజీ బ్యాండ్ పాట, భక్తి ఆల్బమ్ అన్నీ ఆ గంపలోనే పడతాయి. రేడియోకి మాత్రం తేడా తెలియాలి. అసలు ప్రశ్న పాట ఏ బాపతు అన్నది కాదు, రికార్డింగు ఎవరి సొత్తు అన్నది.

యూట్యూబ్‌లో ఫోక్ పాటలు పెట్టే ఛానెళ్లలో చాలావరకు కవికి, గాయనికి, సంగీతం చేసినవారికి ఏకమొత్తం ఇచ్చి రికార్డింగు హక్కు రాయించుకుంటాయి. అలాంటప్పుడు ఆ ఛానెలే లేబుల్, అంటే రికార్డింగు యజమాని. పాడినామె "వేసుకోండి అన్నా" అన్నా ఆ మాటకు చట్టంలో విలువ ఉండదు. సొంత ఖర్చుతో రికార్డు చేసి, యాప్‌లకు పాటలు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ద్వారా స్పాటిఫైకో జియోసావన్‌కో ఎక్కించి, హక్కు తన దగ్గరే ఉంచుకున్న పాట అచ్చమైన ఇండిపెండెంట్. ఇక సినిమా పాటను గిటార్‌తో పాడి పెట్టే కవర్ సాంగ్ ఈ లెక్కలోకే రాదు. రికార్డింగు పాడినవాళ్లదే కావచ్చు, పాట వాళ్లది కాదు. కాపీరైట్ చట్టంలో 31సీ సెక్షన్ కవర్లకు ఒక దారి ఇచ్చింది కానీ, తొలి రికార్డింగు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు ఆగాలి, ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన రాయల్టీ కట్టాలి. బెడ్‌రూమ్‌లో కవర్ చేసే కుర్రాడికి అందే దారి కాదది.

ఒక పాటలో ఎన్ని హక్కులు

రేడియోలో మోగే ప్రతి పాటలో కనీసం మూడు పొరలుంటాయి. సాహిత్యం, బాణీ, వాటిని రికార్డు చేసిన మాస్టర్. సాహిత్యం కవిది, బాణీ స్వరకర్తది, మాస్టర్ రికార్డింగుకు డబ్బు పెట్టినవారిది. పాడినవారికి, వాయించినవారికి ప్రదర్శకుల హక్కు విడిగా ఉంది. మాస్టర్ తరఫున వసూలు చేసే పెద్ద సంస్థ పీపీఎల్. కవులు, స్వరకర్తలు, పబ్లిషర్ల తరఫున ఐపీఆర్ఎస్.

2012 సవరణ తర్వాత ఒక మార్పు వచ్చింది. కవి, స్వరకర్త తమ హక్కును ఏకమొత్తానికి అమ్మేసుకున్నా, పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా వాళ్లకు ఉంటుంది. దాన్ని వదులుకుంటున్నట్టు కాగితం రాయించుకున్నా చెల్లదు. వారసులకో కాపీరైట్ సొసైటీకో మాత్రమే ఇవ్వవచ్చు. "అన్నీ కొనేశాం" అనే ఛానెళ్లకూ ఇది వర్తిస్తుంది, ఈ సంగతి చాలామంది కవులకే తెలియదు.

ఒక కల్పిత ఉదాహరణ చూద్దాం. కూకట్‌పల్లిలో నలుగురు కుర్రాళ్ల బ్యాండ్. బాణీ గిటారిస్టుది. సాహిత్యం స్నేహితుడిది, అతను సినిమాలకు కూడా రాస్తాడు కాబట్టి ఐపీఆర్ఎస్ సభ్యుడు. డ్రమ్స్ బీట్‌ను ఆన్‌లైన్‌లో లీజుకు తీసుకున్నారు. మాస్టర్ బ్యాండ్‌దే. ఇప్పుడు వాళ్లు ఆర్జేకి "ఉచితంగా వేసుకోండి" అని మెయిల్ పెట్టారు. సరిపోతుందా? మాస్టర్ వరకు సరిపోతుంది. కవి ప్రసార హక్కును సభ్యత్వంతో పాటే ఐపీఆర్ఎస్‌కు అప్పగించేశాడు కనుక అతను కూడా సొంతంగా మాఫీ చేయలేడు, స్టేషన్ ఐపీఆర్ఎస్‌కు కట్టవలసిందే. అన్నిటికన్నా పెద్ద చిక్కు బీటు దగ్గర. లీజు పత్రం చదివితే ఎన్ని స్ట్రీమ్‌ల వరకు, ఎన్ని రేడియో స్టేషన్లలో అని పరిమితి కనిపించవచ్చు. పైగా అదే బీటు మరో పదిమంది దగ్గర కూడా ఉంటుంది. వాళ్లలో ఎవరైనా తమ పాటను, పాటలను తానే గుర్తుపట్టే యూట్యూబ్ వ్యవస్థ కంటెంట్ ఐడీలో నమోదు చేస్తే ఈ బ్యాండ్ పాట మీదా క్లెయిమ్ పడుతుంది. ఆర్జే చేతిలో ఉన్నది ఒక పాటే, దాని వెనక నాలుగు సంతకాలు కావాలి.

జానపదం అందరిదేనా?

తెలంగాణలో ఈ ప్రశ్న దాటకుండా ముందుకు పోలేం. కర్త ఎవరో తెలియని తరాల నాటి ఉయ్యాల పాట సాహిత్యం ఎవరైనా వాడుకోవచ్చు. కానీ దాన్ని పోయినేడు స్టూడియోలో పాడి రికార్డు చేస్తే ఆ రికార్డింగుకు కొత్తగా కాపీరైట్ పుడుతుంది, విడుదలైన నాటి నుంచి 60 ఏళ్లు ఉంటుంది. పాట ఊరిదే, రికార్డింగు మాత్రం ఊరిది కాదు.

రెండో పొరపాటు ఇంకా ఎక్కువ. జానపద బాణీలో ఉన్న ప్రతిదాన్నీ జానపదం అనేస్తారు. గోరటి వెంకన్న పాటలు పల్లెల్లో జనం నోట నిలిచాయి గానీ వాటికి కవి ఉన్నాడు, హక్కు ఉంది. 1982లో కన్నుమూసిన సుద్దాల హనుమంతు సాహిత్యం మీద హక్కు, కవి మరణం తర్వాత 60 ఏళ్లన్న నియమం ప్రకారం, 2042 చివరిదాకా ఉంటుంది. టైటిల్ కార్డులో "సాహిత్యం: జానపదం" అని కనబడితే ఆగి చూడాల్సింది అక్కడే. పాటలో ఒక చరణం పాతది, మిగతా రెండు చరణాలు కొత్తగా రాసినవి అయిన సందర్భాలు బోలెడు.

పండగ పాటలతో ఇంకో తంటా. ప్రైవేటు ఎఫ్ఎంలకు కూడా ఆకాశవాణి ప్రోగ్రామ్ కోడ్ వర్తిస్తుంది. ఒక నాయకుడి పేరో పార్టీ గుర్తో చరణంలో ఉంటే అది పాటగా కాక ప్రచారంగా లెక్కకొస్తుంది, ఎన్నికల వేళ ముందస్తు ధ్రువీకరణ లేకుండా కదలదు. ర్యాప్‌లో బూతు ఉంటే క్లీన్ వెర్షన్ విడిగా కావాలి. బీప్ వేసి సర్దేస్తామంటే సరిపోదు, కొన్నిచోట్ల బీప్ వల్లే మాట ఇంకా బాగా తెలుస్తుంది.

31డి: రేడియోకి చట్టం ఇచ్చిన తలుపు

ప్రతి పాటకూ ప్రతి యజమానినీ వెతికి అనుమతి అడగాలంటే రేడియో నడవదు. అందుకే 2012లో 31డి సెక్షన్ తెచ్చారు. ముందుగా నోటీసు ఇచ్చి, నిర్ణయించిన రేటు కడితే, యజమాని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా స్టేషన్ పాట వేయవచ్చు. అయితే షరతులున్నాయి. పాట అప్పటికే విడుదలై ఉండాలి. కాబట్టి "మా షోలోనే మొట్టమొదటిసారి" అని డెమో వేయాలంటే ఈ సెక్షన్ పనికిరాదు, రాతపూర్వక అనుమతి తప్పనిసరి. నిడివి తగ్గించుకోవచ్చు కానీ వేగం మార్చడం, రీమిక్స్ చేయడం కుదరదు. ఏం వేశారో రికార్డు ఉంచాలి. కవి, స్వరకర్త, ముఖ్య గాయకుల పేర్లు ప్రసారంతో పాటు చెప్పాలి. పేరు చెప్పడం ఆర్జే మర్యాద అనుకుంటారు చాలామంది, అది చట్టంలో ఉన్న మాట.

రేటు విషయంలో గొడవ ఎప్పుడూ సద్దుమణగలేదు. 2010లో కాపీరైట్ బోర్డు స్టేషన్ నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతం అంది. ఆ 2 శాతాన్ని ఎవరి పాటలు ఎంత మోగాయో ఆ నిష్పత్తిలో పంచాలి. నెలకు కోటి రూపాయల ఆదాయం ఉన్న స్టేషన్ అనుకుంటే 2 లక్షలు. నెలలో 6,000 సార్లు పాటలు మోగితే, అందులో ఒక బ్యాండ్ పాట 12 సార్లు వస్తే వాళ్ల భాగం 400 రూపాయలు. 2020 డిసెంబర్ 31న ఐపీఏబీ అనే మేధో సంపత్తి ట్రైబ్యునల్ ఆ పద్ధతి తీసేసి నీడిల్ అవర్ లెక్క పెట్టింది, అంటే పాట నిజంగా మోగిన సమయానికి డబ్బు. మరో మూడు నెలలకే, 2021 ఏప్రిల్‌లో, ఆ ట్రైబ్యునలే రద్దయింది. ఇప్పుడు తగువులన్నీ కోర్టుల్లో తేలాలి. 2023 ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు మాస్టర్‌కు కట్టినంత మాత్రాన సరిపోదని, కవులకు, స్వరకర్తలకు కూడా ఎఫ్ఎంలు రాయల్టీ ఇవ్వాలని చెప్పింది.

స్టేషన్ల వాదన ఇలా ఉంటుంది: ప్రకటనల మీద బతికే వ్యాపారం, లైసెన్సు రుసుము ప్రభుత్వానికి కడుతున్నాం, పాటకు ప్రచారం మేమే ఇస్తున్నాం, ఇంకా ఎన్నిసార్లు కట్టాలి? లేబుళ్లది ఇలా: మా సరుకు ధర మేం చెప్పుకునే వీలే లేకుండా చేశారు. రెండిటిలోనూ పస ఉంది. అయితే పై లెక్కలోని 400 రూపాయల మనిషి ఈ పోట్లాటలో ఏ పక్షానా కూర్చోలేదు. పీపీఎల్‌లోనో ఐపీఆర్ఎస్‌లోనో పేరు లేకపోతే ఆ 400 కూడా చేతికి రావు.

గంటలో చోటెంత

హక్కులన్నీ సరిగ్గా ఉన్నా పాట ఆగిపోయేది ఇక్కడే. ఎఫ్ఎం స్టేషన్‌లో గంటను "క్లాక్" అంటారు. ఉదాహరణకు 14 నిమిషాలు ప్రకటనలు, 8 నిమిషాలు ఆర్జే లింకులు (పాటల మధ్య మాటలు), 2 నిమిషాలు జింగిల్స్ పోతే మిగిలేది 36 నిమిషాలు. పాటకు 4 నిమిషాల చొప్పున 9 పాటలు. ఆ తొమ్మిదిలో ఏది రావాలో ఆర్జే నిర్ణయించడు. మ్యూజిక్ మేనేజర్ పాటలను వర్గాలుగా విడగొట్టి షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెడతాడు. కొత్త హిట్ల వర్గంలో 12 పాటలుండి గంటకు 4 చోట్లు ఇస్తే ఒక్కో పాట ప్రతి 3 గంటలకూ తిరిగి వస్తుంది. మిగతా 5 చోట్లు పాత హిట్లకూ మెలొడీలకూ పోతాయి. తెలియని పాట అంటే శ్రోత వేలు బటన్ మీదకు పోతుందన్న భయం ఈ అమరిక అంతటా ఉంటుంది. భయం పూర్తిగా ఉత్తిది కాదు, తెలియని పాటకు జనం స్టేషన్ మార్చడం మామూలే. కానీ వారం వారం శ్రోతల లెక్క చెప్పే ర్యామ్ కొలత ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, కోల్‌కతాల్లో నడిచింది, హైదరాబాద్ అందులో లేదు. ఇక్కడ ఆ భయాన్ని కొలిచి చూసే సాధనం తక్కువ.

సరే, స్టేషన్ దయతలచి ఆదివారం రాత్రి రెండు గంటల ఇండీ షో ఇచ్చింది, గంటకు ఒక కొత్త తెలుగు పాటకు చోటిచ్చింది అనుకుందాం. వారానికి 2, నెలకు 8 చోట్లు. సాధారణంగా హోస్టులు చేసేది ఎనిమిది మందికి ఒక్కో అవకాశం ఇవ్వడం. చూడ్డానికి న్యాయంగా ఉంటుంది, ఫలితం సున్నా. ఒక్కసారి విన్న పాటను ఎవరూ గుర్తుపెట్టుకోరు. అవే 8 చోట్లను రెండు పాటలకు నాలుగేసి సార్లు ఇస్తే నెలాఖరుకు రెండు పల్లవులైనా జనం నోట్లో ఉంటాయి. ఆరుగురు అలుగుతారు, అది వేరే సంగతి.

ఈ కిటుకు కొత్తదేం కాదు. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార మంత్రిగా ఉన్నప్పుడు ఆకాశవాణి సినిమా పాటలను దాదాపు పక్కన పెట్టింది. శ్రోతలు రేడియో సిలోన్‌కు తరలిపోయారు, 1957 అక్టోబర్ 3న వివిధ భారతి పెట్టి మళ్లీ పిలుచుకోవాల్సి వచ్చింది. నిషేధంతో అభిరుచి మారదని అప్పుడే తేలింది. అదే ఆకాశవాణి తెలుగులో మరో పని చేసింది. బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం వంటి వాళ్లు లలిత సంగీతం పేరుతో సినిమాకు సంబంధం లేని పాటలు వందలకొద్దీ అందించారు. "ఈ మాసపు పాట" శీర్షిక కింద ఒకే పాటను నెల పొడుగునా వినిపించేవారు. శ్రోతలు ఆ పాటలు నేర్చుకుని పెళ్లిళ్లలో, బడి వార్షికోత్సవాల్లో పాడారు. తెలుగులో సినిమాయేతర పాటకు రేడియో ఇచ్చిన పెద్ద బలం ఆ తిరిగి తిరిగి వినిపించడమే. ఇవాళ్టి ఇండీ షోలు దాన్నే వదిలేశాయి.

పాట దొరికేది ఎక్కడ

స్ట్రీమింగ్ యాప్ సిఫార్సుల మీద ఆధారపడితే విన్నదే మళ్లీ వినాలి, ఎందుకంటే అవి ఇప్పటికే జనం విన్న వాటి నుంచి లెక్క కడతాయి. స్పాటిఫైలో 2024 నుంచి గత 12 నెలల్లో 1,000 సార్లు కూడా వినని పాటకు రికార్డింగు రాయల్టీయే రాదు. ఆర్జే వెతకాల్సిన పాటలు చాలావరకు ఆ గీతకు కిందే ఉంటాయి.

బాగా పనిచేసే పద్ధతి క్రెడిట్ల వెంట నడవడం. నచ్చిన పాట ఒకటి దొరికితే గాయకుడి మిగతా పాటలు కాదు, మిక్సింగ్ ఇంజినీర్ ఎవరో, బాస్ వాయించిందెవరో చూడాలి. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు చిన్న స్టూడియోల్లో ఒకే ఇంజినీర్ దగ్గరికి పదిమంది కొత్తవాళ్లు వస్తారు. బంజారాహిల్స్ లామకాన్ లాంటి చోట్ల వేదిక ఎక్కినవాళ్ల జాబితా కూడా మంచి ఆచూకీ. శుక్రవారం కొత్త విడుదలల రోజు అన్నది ప్రపంచ లెక్క. మన ఫోక్ పాటలకు క్యాలెండర్ వేరు, బోనాలు, బతుకమ్మ, శివరాత్రి, సంక్రాంతికి రెండు మూడు వారాల ముందు కుప్పలుగా వస్తాయి. పండగ రోజున వెతకడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే.

వ్యూస్ అంకెను నమ్మడం కష్టం. ప్రకటనగా డబ్బు పెట్టి నడిపిన వీక్షణలు కూడా ఆ అంకెలో కలుస్తాయి. లక్షల వ్యూస్ కింద ముప్పై కామెంట్లుంటే, అవి కూడా "సూపర్ బ్రో" తరహావే అయితే, అనుమానించడం తప్పు కాదు. వీడియో చూడకుండా ఒకసారి, మర్నాడు ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినడం అలవాటున్న ప్రోగ్రామర్లు తక్కువ మోసపోతారు. డ్రోన్ షాట్లు, లంగా ఓణీలు తీసేస్తే నిలిచే పాటలు ఎన్నో అప్పుడు తెలుస్తుంది.

ఫైలు దగ్గర చెడేవి

మెయిల్‌లో "ఫైనల్ మిక్స్ న్యూ 2" అనే పేరుతో ఎంపీ3 వస్తుంది. పాట పేరు లేదు, గాయని పేరు లేదు, ఐఎస్ఆర్‌సీ లేదు. ఐఎస్ఆర్‌సీ రికార్డింగుకు ఉండే 12 అక్షరాంకెల గుర్తింపు: దేశానికి 2, నమోదుదారుకు 3, సంవత్సరానికి 2, పాటకు 5. స్టేషన్ లాగ్ షీట్‌లో ఈ సంకేతం లేకపోతే, తెలుగు పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాయడం వల్ల, మోగిన పాట ఎవరి ఖాతాలోనూ పడదు. డిస్ట్రిబ్యూటర్ ద్వారా విడుదలైన ప్రతి పాటకూ ఆ సంకేతం ఉంటుంది. డాష్‌బోర్డులో చూసి మెయిల్‌లో రాస్తే చాలు.

రేడియోకి కావాల్సింది 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ వేవ్ ఫైలు, నిమిషానికి సుమారు 10 ఎంబీ. నాలుగు నిమిషాల పాట 40 ఎంబీకి కాస్త పైన ఉంటుంది. యూట్యూబ్ నుంచి లాగిన ఎంపీ3ని వేవ్‌గా మార్చి పంపితే సైజు పెరుగుతుంది, పోయిన వివరం రాదు. శబ్దాన్ని బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు కనిపిస్తే దొంగ దొరికినట్టే. అయితే ఎఫ్ఎం ఎలాగూ 15 కిలోహెర్ట్జ్ దాకానే పంపుతుంది కదా, నష్టమేమిటి అని అడగవచ్చు. కోసిన పైభాగం వల్ల నష్టం లేదు. కుదింపులో మిగిలిన గరగరను స్టేషన్ ప్రాసెసర్ పైకి లేపుతుంది, నష్టం అక్కడ. మెల్లని శబ్దాలను పెంచడమే దాని పని కాబట్టి తాళాల చప్పుడు నీళ్లలోంచి వస్తున్నట్టు వినబడుతుంది.

పంపేముందు మిక్స్‌ను ఒకసారి మోనోలో, అంటే ఎడమ, కుడి కలిపేసి ఒకే చానెల్‌గా, వినడం మర్చిపోకూడదు. ఒకే స్పీకర్ ఉన్న ఫోన్, ఆటో స్పీకర్ మోనోయే, సిగ్నల్ బలహీనమైతే కారు రేడియో కూడా మోనోకి జారుతుంది. హెడ్‌ఫోన్‌లో విశాలంగా వినిపించాలని ఎడమ, కుడి చానెళ్లను ఫేజ్ తిప్పి (ఒకదాని తరంగాన్ని తలకిందులు చేసి) వెడల్పు చేసిన కోరస్ మోనోలో కలిసినప్పుడు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. స్టూడియోలో ఇరవై గొంతుల్లా ఉన్న పల్లవి ఆటోలో ఒంటరి గొంతుగా మిగులుతుంది. ఇంకొకటి, ఎఫ్ఎం ప్రసారంలో పై స్వరాలను ముందే పెంచి పంపుతారు, మన దేశంలో 50 మైక్రోసెకన్ల ప్రమాణంతో. అందుకే మిక్స్‌లోనే పదునుగా ఉన్న "స", "శ" అక్షరాలను ప్రాసెసర్ నొక్కేస్తుంది, ఆ దెబ్బకు గొంతు మొత్తం మసకబారుతుంది. ఆ అక్షరాల పదును తగ్గించే డీ-ఎస్సర్ రెండు డెసిబెళ్లు ఎక్కువ వాడితే రేడియోలో గొంతు శుభ్రంగా వస్తుంది.

ఫోక్ వీడియోల్లో పాట మొదలయ్యే ముందు ముప్పై నలభై సెకన్లు మాటలు, కోడి కూత, బండి చప్పుడు ఉంటాయి. రేడియోకి అవి తీసేసిన ఎడిట్ విడిగా ఇవ్వాలి. పల్లవి ముందు పది పదిహేను సెకన్ల సంగీతం ఉంటే ఆర్జే దాని మీద పేర్లు చెప్పుకుంటాడు. ఆ చోటు లేకపోతే పేర్లు చెప్పకుండా వదిలేసే అవకాశమే ఎక్కువ.

కోటా పెడితే తీరుతుందా

ఫ్రాన్స్ 1994 చట్టంతో రేడియో పాటల్లో 40 శాతం ఫ్రెంచ్ భాషవి ఉండాలని, అందులో సగం కొత్తవాళ్లవో కొత్త విడుదలలో కావాలని పెట్టింది. కెనడాలో వాణిజ్య రేడియోలకు 35 శాతం స్వదేశీ సంగీతం నియమం ఉంది. మన ప్రైవేటు ఎఫ్ఎంలకు అలాంటిది లేదు. కోటా కోరేవాళ్లు వినిపిస్తేనే అలవాటవుతుందంటారు. వద్దనేవాళ్లు, అర్ధరాత్రి రెండింటికి వేసి కోటా నింపేస్తారని ఎదురు చెబుతారు. పగటి వేళల్లో ఎంత అన్న షరతు లేకుండా శాతం ఒక్కటే రాస్తే రెండోవాళ్ల మాటే నిజమవుతుందని మా అంచనా. బీబీసీ 2007లో మొదలుపెట్టిన ఇంట్రడ్యూసింగ్ పద్ధతి వేరు. కళాకారుడు పాటను ఒకచోట అప్‌లోడ్ చేస్తే ముందు ఆ ప్రాంతపు స్థానిక కార్యక్రమం వాళ్లు వింటారు, నచ్చితే పై స్టేషన్‌కు పంపుతారు. కోటా లేదు, కానీ వినేవాడు ఫలానా అని తెలుసు.

మన దగ్గర ఆ స్థానిక పాత్రకు దగ్గరగా ఉన్నవి కమ్యూనిటీ రేడియోలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ బోల్ హైదరాబాద్ 90.4 ఉంది. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 2008 అక్టోబర్ 15 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. వీటి ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లకు మించదు, కాబట్టి కొద్ది కిలోమీటర్లే అందుతుంది. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా చేసినవి ఉండాలన్న నియమం వల్ల అక్కడ కొత్త గొంతుకు అడ్డు తక్కువ. హిట్ల క్లాక్ లేదు, నెలంతా ఒకే పాట వేసినా అడిగేవాడు లేడు. రాయల్టీ నుంచి మినహాయింపు మాత్రం వాటికీ లేదు, కనుక రాతపూర్వక అనుమతి అక్కడా అవసరమే.

షో ముగిశాక అదే ఆడియో ఇంటర్నెట్‌లో

ఇప్పుడు చాలామంది హోస్టులు ఆదివారం షోని సోమవారం పాడ్‌కాస్ట్‌గానో యూట్యూబ్‌లోనో పెడుతున్నారు. ఇక్కడ 31డి రక్షణ పనిచేయదు. 2019లో టిప్స్ అనే లేబుల్‌కూ వింక్ అనే మ్యూజిక్ యాప్‌కూ మధ్య కేసులో బాంబే హైకోర్టు ఆ సెక్షన్ ఇంటర్నెట్‌లో డౌన్‌లోడ్‌కూ, కోరినప్పుడు వినే స్ట్రీమింగ్‌కూ వర్తించదని చెప్పింది, 2022లో డివిజన్ బెంచ్ కూడా అదే సమర్థించింది. రేడియోలో తప్పు కాని పాట పాడ్‌కాస్ట్‌లో ఉల్లంఘన కావచ్చు. అందుకే పాట తీసుకునేటప్పుడే అడిగే అనుమతి మెయిల్‌లో ఎఫ్ఎం ప్రసారం, షో ఆడియోను ఇంటర్నెట్‌లో ఉంచడం, ప్రచారానికి 30 సెకన్ల ముక్క వాడుకోవడం అని మూడూ విడివిడిగా రాసి, ఎంతకాలానికో తేదీ వేయించుకుంటారు. మాస్టర్ యజమాని, కవి, స్వరకర్త ముగ్గురూ వేర్వేరు మనుషులైతే ముగ్గురి జవాబూ రావాలి. ఒకరు ఐపీఆర్ఎస్ సభ్యులని తేలితే, పాడ్‌కాస్ట్‌లో ఆ పాట తీసేసి ఆర్జే మాటలు, కళాకారుడితో ముచ్చట మాత్రమే ఉంచి, పాటకు లింక్ ఇవ్వడం మామూలుగా చేసే పని.